ఒడిసింది

మంచి శుక్రవారం, మిట్టమధ్యాన్నం.
నెక్కొండ చర్చి రేకులు పెనం లెక్క కాలుతున్నయ్.
ఏడు మాటల్ల ఆరోది కొత్త పాస్టరు వంతు.
"విమోచన క్రయధనం" అన్నడు,
మక్కల బస్తా ఎత్తి దించినట్టు.
సమజైందా అని అడిగిండు.
తలకాయలు ఊగినయ్. నాదీ ఊగింది.
నాకు సమజైంది వేరే.

మా నాయిన ఆరె పట్టి చెప్పులు కుట్టెటోడు.
అమ్మ మూడో కాన్పుల పడ్డప్పుడు
ఎంజీఎం దాకా బండి కిరాయికి, మందులకు,
ఆఖర్కి బొందకు
పటేలు కాడ ఎనిమిదొందలు తెచ్చిండు.
కాయితం మీద బొటనేలు.
నీలిసిరా ఎండకముందే మిత్తి మొదలైంది.

రెండేండ్లకు పటేలు మనిషి వచ్చి
మా కొట్టం ముంగట నిలబడ్డడు.
"పిల్లను పంపు, పెండ తీస్తది."
నాకు తొమ్మిదేండ్లు.
హనుమకొండ మిషను హాస్టలుకు పోదామని
రేకుపెట్టె సర్దుకున్న పొద్దు అది.
నాయినకు నోరు లేవలే.
పన్నెండేండ్ల ఏసేబన్న అంగీ లేకుంటనే లేచి
"దాని చేతులు చిన్నయి. నేనొస్త" అన్నడు.
అంతే. ప్రార్థన గిట్ల ఏం లేదు.
పోతా పోతా నా పెట్టె మూతను
కాలుతోని దబ్బున మూసిండు.

ఏడేండ్లు.
సెలవులకొస్తే పటేలు కొట్టంల కనబడెటోడు
ఎడ్ల నడుమ ఇంకో ఎద్దు తీర్గ.
నేను ఎక్కాలు చెప్పేది, ఆయన గడ్డి కోసేది.
ఒకసారి కొడవలి జారి అరచెయ్యి తెగితే
పసుపు అద్దుకుంట నవ్విండు:
"పదమూడో ఎక్కం మల్ల చెప్పు."

కల్లంల మిరపకాయలు ఎండే దినాలు. ఓ రాత్రి వచ్చిండు.
చేతిల కాయితం, దాని మీద నాయిన బొటనేలు.
ఆరె అడిగి తీసుకొని
దర్వాజ చెక్కకు దాన్ని గుచ్చిండు.
"ఒడిసింది" అన్నడు.
తర్వాత బువ్వ అడిగిండు.

ఆరో మాటకు అర్థం
పాస్టరు మూడు భాషలల్ల చెప్తున్నడు.
మా దర్వాజ భాషల చెప్పలే.

ఇన్నేండ్ల సంది నాదొక్కటే సందేహం,
ఇయ్యాల లేచి అడిగిన:
ఆ సొమ్ము ఎవలికి చెల్లింది?
పటేలుకా? ఆయన గడిల ఇప్పుడు పావురాలు.
దేవునికా? పిలగాని ఒళ్ళు మిత్తి కింద పట్టుకునే దేవుడైతే
నేనీ చాప మీద కూసోను.
పాస్టరు పుస్తకంల పేజీలు తిప్పిండు.
మంచి పిలగాడు, పెండ్లి గూడ గాలే.
"వచ్చేవారం చెప్త అమ్మా" అన్నడు.

ఎనక గోడకానుకొని ఏసేబన్న గురక.
చెవులు ఇనబడయ్. లేపితే
"ఏం జెప్పిండు?"
"నీ ముచ్చటనే."
"థూ! ఆయనతోని నన్ను సరిజూడకు.
దినాం రెండు కట్టల బీడీలు కాల్చినోన్ని."

బయట ఉపవాసమోళ్ళకు జొన్న అంబలి పోస్తున్నరు.
గిన్నె రెండు చేతుల్ల పట్టుకొని
నా దిక్కు చూడకుంట అన్నడు:
"మూడో ఏడు ఓ రాత్రి ఉరికిన.
స్టేషన్ల బెజవాడ బండి ఆగి ఉండె.
ఒక కాలు మెట్టు మీద పెట్టిన.
చలికాలం, అయినా ఒళ్ళంత చెమట.
నేను పోతే మల్ల మన కొట్టం ముంగటికే వస్తరు గద,
నీకోసం.
బండి కూత పెట్టింది.
కాలు దించిన."

యాభై ఏండ్లు ఈ మాట ఏడ దాచినవన్నా అన్న.
ఇనబడలేదో, ఇనబడ్డదో.
అంబలి సగం నా గిలాసల వంచిండు.
అరచేతిల ఆ గీత ఇంకా తెల్లగనే ఉంది.

ఎవలికి చెల్లిందని కాదేమో అడగాల్సింది.
ఏం అడగాలెనో ఇంకా దొరకలే.
తాగిన.
ఉప్పు జర ఎక్కువైంది.